ఏమీ చెప్పకపోతే

డాబాగార్డెన్స్‌లో మెట్ల కింది కొట్టువాడు
నీలం రంగు రిలేని నా అరచేతిలో పెట్టి
"అగ్గిపెట్టెలో సగం లేదు గానీ
పది ఆంపియర్లు మోస్తాది, పట్టుకెళ్ళండి" అన్నాడు.
మా పంపు అడిగేది అందులో వందో వంతు కూడా కాదు.
నాలుగు గోల్డ్ ఫిష్‌ల ఊపిరికి ఎంత కావాలి?

హేమవతికి రాత్రి డ్యూటీ,
కేజీహెచ్‌లో, ఊపిరి మిషన్ల వార్డులో.
నాకు పగలు, పోర్టులో, క్రేన్ కేబిన్‌లో.
పొద్దున్న ఎనిమిదిన్నరకి కంచరపాలెం మెట్ట దగ్గర
నా బండీ ఆమె ఆటో ఎదురెదురుగా దాటుకుంటాయి.
చెయ్యెత్తుతాం.
ఆమె పడుకునే గదిలోనే అక్వేరియం,
వేరే గది ఉంటే కదా.
"కళ్ళు మూస్తే మళ్ళీ వార్డే,
గుర్రుమని అదే గోల" అంది ఒకనాడు.

అందుకే ఆదివారం కూర్చున్నాను.
మెయిన్ కట్టేశాను. టెస్టర్ పెట్టాను.
నమ్మక మళ్ళీ పెట్టాను.
కరెంటు లేదని మనం అనకూడదు, టెస్టర్ అనాలి
అనేవాడు మా మేస్త్రీ పైడిరాజు, రెండు వేళ్ళు లేని చేత్తో.
ఎక్స్‌టెన్షన్ వైరు పొట్ట చీల్చి
ఎర్ర తీగ ఒక్కటే తెంపాను. నల్లది దాని దారిన అది పోతుంది.
పాత బోర్డు మరలు పచ్చగా పాచి పట్టాయి.
ఈ ఊళ్ళో సముద్రం వీధిలోకి రాకపోయినా
ఇత్తడిలోకి వచ్చేస్తుంది.

రిలే పక్కన నల్లటి చిన్న చిప్పు.
దాని లోపల ఒక దీపం, దీపానికి ఎదురుగా ఒక కన్ను.
మధ్యలో తీగ లేదు.
ఇటు అయిదు వోల్టుల దీపం వెలిగితే
అటు కన్ను చూస్తుంది, రిలే కదులుతుంది.
రెండు వందల ముప్ఫై ఇటు రాదు.
వెలుగొక్కటే దాటుతుంది.
కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను, ఎందుకో.

పంపు వైరుని సాకెట్టు కంటే కిందికి జార్చి వంచాను.
తీగ వెంట వచ్చే నీటిచుక్క
ఆ వంపు అడుగున ఆగి నేల మీద పడిపోతుంది.
నీటికి ఎక్కడం రాదు, దాని మంచితనం అదొక్కటే.

సోమవారం, ముప్ఫై మీటర్ల ఎత్తున, బొగ్గు ఓడ పైన,
టీ వేళకి ఫోన్ నొక్కాను.
కంచరపాలెంలో టక్.
నాకు వినపడుతుందా ఏమన్నానా,
విన్నట్టే నవ్వుకున్నాను.
పావుగంట ఊదు, పావుగంట ఊరుకో.
సాయంత్రం ఫ్రిజ్ మీద చీటీ: "నిద్ర పట్టింది."

పదకొండో రోజు ఛార్జరు కాలిపోయింది.
రిలే పట్టు వదిలేసింది.
నేను ఎన్.ఓ.లో బిగించాను మరి,
చెబితేనే కలుస్తుంది, చెప్పకపోతే విడిపోతుంది.
నా ఫోన్లో మాత్రం పంపు పచ్చగా నడుస్తూనే ఉంది.

హేమవతి లేచింది. చప్పుడుకి కాదు,
రావలసిన చప్పుడు రాకపోయేసరికి.
తొమ్మిదేళ్ళు ఆ వార్డులో.
మిషన్ గోలపెడితే విసుక్కుంటుంది,
మిషన్ ఊరుకుంటే ఒళ్ళంతా మెలకువ.
నాలుగూ పైకొచ్చి
నీటి అంచుని నోళ్ళతో కొరుకుతున్నాయట.
చెంబుతో ముంచి ఎత్తి పోసింది, ఎత్తి పోసింది,
తర్వాత గానీ ప్లగ్గు పీకి గోడకి పెట్టాలని తోచలేదట.

ఇంటికెళ్ళేసరికి నా డబ్బా మంచం మీద ఉంది, దోషిలా.
"ఛార్జరు పోయింది" అన్నాను.
"పోతే పోనీ. గాలెందుకు పోయింది?
ఆపమని చెప్పాలి గానీ
ఊపిరి తియ్యమని కూడా చెప్పాలేటి?"

మళ్ళీ మెయిన్. మళ్ళీ టెస్టర్, రెండుసార్లు.
ఒక మర వదులు చేసి
తీగని ఈ చివరి గుంట నుంచి ఆ చివరి గుంటకి.
ఎన్.సి.
అరంగుళం దూరం కూడా లేదు.
డ్యూటీకి ఆలస్యమవుతున్నా
యూనిఫాంలో నిలబడి టార్చి పట్టుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో
ఎవరూ ఏమీ చెప్పకపోతే పంపు నడుస్తుంది.
అడిగితేనే కాసేపు ఆగుతుంది.

తోక చిరిగిన చేప ఒకటి మాత్రం
ఇంకా అప్పుడప్పుడూ పైదాకా వచ్చి
చూసి పోతోంది.